‘ధైర్యంగా ఉండమ్మా’ అని ఫోన్ పెట్టేశాను

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు, కమిషనర్లకు, జిల్లా వైద్యాధికారులకు,

నమస్కారం.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఆరోగ్య శాఖలో పనిచేశాను. ఏఎన్ఎంగా, అంటే ఊళ్లలో తిరిగే నర్సుగా చేరి హెల్త్ సూపర్వైజర్‌గా రిటైరయ్యాను. కరోనా వచ్చేనాటికి ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) కింద 26 మంది ఆశాలు, అంటే సొంత ఊళ్లోనే ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు, నా పర్యవేక్షణలో ఉండేవాళ్లు. ఈ ఉత్తరం వాళ్ల గురించి. వాళ్ల జీతాల గురించి, పనిభారం గురించి యూనియన్ వాళ్లు మీకు చాలాసార్లు చెప్పారు, చెబుతూనే ఉన్నారు. వాళ్ల మనసు గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. నాకు తెలిసినంత నేను చెబుతాను.

2021 మే నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక మా ఆశాల్లో ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఆ రోజు పొద్దున వాళ్ల వీధిలో ఒకాయన చనిపోయాడు. ఐదు రోజుల ముందు ఆయనకు పాజిటివ్ వస్తే హోమ్ ఐసోలేషన్ కిట్ తీసుకెళ్లి ఇచ్చింది ఈ అమ్మాయే. రోజూ గుమ్మం బయట నిలబడి, పల్స్ ఆక్సీమీటర్ వేలికి పెట్టించి, నంబర్ రాసుకుంది. అంకె పడిపోగానే 108కి ఫోన్ చేసింది. బెడ్ కోసం నాకు, డాక్టరుగారికి, తెలిసిన వాళ్లందరికీ చేసింది. బెడ్ దొరికేలోపు ఆయన పోయాడు. ఆయన భార్య ఈ అమ్మాయిని చూసి, ‘మాత్రలు వేసుకుంటే తగ్గుతుందన్నావుగా’ అంది. ఆ ఒక్క మాటే అంది.

ఫోన్లో ఆ అమ్మాయి ఏడవలేదు. ‘మేడం, కళ్లు మూస్తే ఆయన ఊపిరి పీల్చుకునే చప్పుడే వినపడుతోంది. రేపు మళ్లీ ఆ ఇంటి ముందు నుంచే సర్వేకి పోవాలి. నా వల్ల కాదేమో మేడం’ అంది. అప్పటికి నేను పంపాల్సిన రిపోర్టులు మూడు మిగిలి ఉన్నాయి. ‘ధైర్యంగా ఉండమ్మా, నువ్వు గట్టిదానివి’ అన్నాను. ఫోన్ పెట్టేశాను. తెల్లారి ఏడింటికల్లా వాట్సాప్ గ్రూపులో ఆ అమ్మాయి సర్వే లెక్కలు పెట్టింది. అది చూసి, సరే, సర్దుకుందిలే అనుకున్నాను.

ఆ అమ్మాయి సర్దుకోలేదు. ఆ తర్వాత దాదాపు ఏడాదిపాటు రాత్రి ఫోన్ మోగితే చాలు, ఒళ్లంతా చెమటలు పట్టేవట. ఆ సంగతి నాకు నా రిటైర్మెంట్ రోజున చెప్పింది. అప్పటిదాకా ఎందుకు చెప్పలేదంటే, ‘మీరు గట్టిదానివి అన్నారు కదా మేడం, ఇంకేం చెప్పను’ అంది. నా ఉద్యోగం మొత్తంలో నన్ను ఇంతగా బాధపెట్టిన మాట ఇంకొకటి లేదు.

అయ్యా, ఇది నా తప్పు. దాన్ని ఇంకెవరి మీదా తోసెయ్యను. కానీ నాకు శిక్షణ ఇచ్చిన శాఖ కూడా ఆ రాత్రి నేను ఏం చెయ్యాలో ఎప్పుడూ నేర్పలేదు. మాస్కు ఎలా వేసుకోవాలో నేర్పింది, చేతులు ఎలా కడుక్కోవాలో నేర్పింది, కాంటాక్టులను ఎలా రాయాలో నేర్పింది. చావును దగ్గర నుంచి చూసొచ్చిన మనిషితో ఎలా మాట్లాడాలో నేర్పలేదు.

ఆస్పత్రిలో పనిచేసేవాళ్ల కష్టం నేను తక్కువ చెయ్యను. నేను చూసిన తేడా ఒకటుంది, అది చెబుతాను. ఆస్పత్రి నర్సుకు డ్యూటీ అయిపోతుంది. పేషెంటు ఆమెకు పరాయి మనిషి. ఆశాకు ఈ రెండూ వర్తించవు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఈ ఉద్యోగం పుట్టినప్పుడే, ఆశా ఆ ఊళ్లో ఉండే మనిషే కావాలని నియమం పెట్టారు. వెయ్యి మంది జనాభాకు ఒకరు. పాతిక నుంచి నలభై ఐదేళ్ల లోపు, పెళ్లయినవాళ్లో, భర్త పోయినవాళ్లో, విడిపోయినవాళ్లో. ఆ నియమం మంచిదే. ఊరి కోడలు కాబట్టే గర్భిణి ఏ నెలలో ఉందో, ఎవరి బిడ్డకు టీకా తప్పిందో రిజిస్టరు తియ్యకుండా చెప్పగలదు. మహమ్మారి వచ్చినప్పుడు ఆ దగ్గరతనమే ఆమెకు భారమైంది. చనిపోయినవాడు ఆమెకు బాబాయి వరస. తలుపు మొహాన వేసినామె రేపు పిండిమర దగ్గర ఎదురయ్యే మనిషి.

2020 మార్చిలో విదేశాల నుంచి వచ్చినవాళ్ల వివరాలు రాయమని మా వాళ్లను ఇంటింటికీ పంపాం. అప్పటికి చాలామంది దగ్గర మాస్కులు లేవు. కొందరు పాత చీరలు కత్తిరించి కుట్టుకున్నారు, కొందరు కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆ నెల 22న సాయంత్రం ఐదింటికి దేశమంతా చప్పట్లు కొట్టింది. మా పీహెచ్‌సీ పరిధిలో కూడా కొట్టారు, పళ్లేలు మోగించారు. పది రోజులు తిరిగేసరికి అవే వీధుల్లో ‘నువ్వు ఊరంతా తిరిగి జబ్బు మోసుకొస్తున్నావు, మా గడప తొక్కొద్దు’ అన్నారు. ఒక ఆశాను అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఒకామెను వీధి కుళాయి దగ్గర అందరూ పట్టుకున్నాకే రమ్మన్నారు. సాయంత్రం ఇంటికి చేరగానే పెరట్లోనే స్నానం చేసి, తడి బట్టలతో ఆరుబయట కాసేపు నిలబడి, పిల్లలు దగ్గరికి వస్తుంటే ‘రావద్దు’ అని అరిచేదాన్నని ఒక తల్లి చెప్పింది. ఆమె చిన్నబిడ్డకు అప్పుడు నాలుగేళ్లు. ఆ బిడ్డ నెలరోజులు అమ్మమ్మ ఇంట్లో ఉండి తిరిగొచ్చాక తల్లి దగ్గర పడుకోనంది. ఆమె నాకు ఎన్నో కష్టాలు చెప్పింది, అన్నీ మామూలు గొంతుతోనే చెప్పింది. ఈ ఒక్కటి చెప్పేటప్పుడు ఆగిపోయింది.

తర్వాత వ్యాక్సిన్. 2021 జనవరి 16న మొదలైనప్పుడు ముందు వేయించుకున్నది ఆరోగ్య సిబ్బందే, అందులో ఆశాలూ ఉన్నారు. ఆ తర్వాత ఊళ్లో వాళ్లకు వేయించే పని పడింది. ‘సూది వేసుకుంటే రెండేళ్లలో పోతారంట’ అన్న పుకారుకు జవాబు చెప్పాల్సింది కూడా వీళ్లే. మమ్మల్ని చూసి పొలాల్లోకి పోయినవాళ్లున్నారు. పైనుంచి టార్గెట్, కింద నుంచి తిట్లు. ‘నా బిడ్డకు ఏమన్నా అయితే నిన్నే అడుగుతా’ అని నలుగురి ముందు అనిపించుకుని వచ్చినామెను, అదే రోజు మీటింగులో ‘మీ ఊరు ఎందుకు వెనకబడింది’ అని నిలబెట్టి అడిగాం. అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను. తెలంగాణలో పనిచేసిన నా స్నేహితురాలు కూడా ఇదే చెబుతుంది. అక్కడ 2021 మేలో ఇంటింటి ఫీవర్ సర్వే జరిగినప్పుడు గడప గడపకూ వెళ్లి జ్వరం ఉందా అని అడిగి, మందుల కిట్లు ఇచ్చింది ఆశాలు, ఏఎన్ఎంలే. రాష్ట్రం వేరయినా వాళ్లు పడిన టెన్షన్ ఒకటే.

ఇదంతా తెలిసి ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదని నేను అనను. కరోనా డ్యూటీకి కేంద్రం నెలకు వెయ్యి రూపాయలు అదనంగా ఇచ్చింది. 50 లక్షల బీమా పెట్టింది. ఆరోగ్య సిబ్బంది మీద దాడి చేస్తే ఐదేళ్ల దాకా, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు పడేలా 2020లో అంటువ్యాధుల చట్టాన్ని సవరించారు. అవి కావలసినవే. కానీ బీమా ప్రాణం పోతేనే వస్తుంది. బతికి ఉండి నిద్రపోలేని మనిషికి అందులో గడి లేదు. చట్టం సంగతి చూడండి. మా ఆశా ఒకామె మీద ఒకతను చెయ్యి ఎత్తాడు. కేసు పెడదామమ్మా అన్నాను. ‘వద్దు మేడం, వాళ్ల కోడలికి ఇప్పుడు ఏడో నెల. నేనే కదా చూసుకోవాలి’ అంది. పుండొకచోట, మందొకచోట అంటారు కదా, అలా అయింది.

2022 మే 22న జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని పది లక్షల మంది ఆశాలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. ఆ వార్త చదివి మా వాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పాను. అందరూ సంతోషించారు, నాకూ కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత జరిగిన సన్మాన సభల్లో మాత్రం ఒకటే మాట వినపడింది. ఆశాల మనోధైర్యం గొప్పది, వాళ్లు ఉక్కు మహిళలు అని. అది గౌరవంతో అన్న మాటే, నాకు తెలుసు. అయినా ఆ మాట వింటుంటే నాకు ఆ రాత్రి నేను అన్నదే గుర్తొచ్చింది. గట్టిదానివి అని ఒకసారి అన్నాక ఆ మనిషి ఇక మన దగ్గర ఏడవలేదు. ఉక్కు మనిషికి సెలవెందుకు, తోడెందుకు అనిపిస్తుంది మనకు.

మనోధైర్యం అనేది కొందరికి పుట్టుకతో వచ్చే గుణం అని నేనూ చాలాకాలం నమ్మాను. ఆ 26 మందిని రెండేళ్లు చూశాక ఆ నమ్మకం పోయింది. మొదట ధైర్యస్తురాలు అనుకున్నామె కుంగిపోయింది. మీటింగులో నోరు విప్పని పిల్ల చివరిదాకా నిలబడింది. వాళ్ల స్వభావాల్లో ఈ తేడాకు కారణం నాకు కనపడలేదు. ఎవరి వెనక ఎవరున్నారో చూస్తే కనపడింది.

ఇద్దరు ఆశాలు పక్క పక్క ఊళ్ల వాళ్లు. ఎవరూ చెప్పకుండానే వాళ్లిద్దరూ కలిసి తిరగడం మొదలుపెట్టారు. పొద్దున ఈమె ఊరు, మధ్యాహ్నం ఆమె ఊరు. నడక రెట్టింపు అయింది, అయినా మానలేదు. ‘తిట్టినా ఇద్దరం పడతాం మేడం, దారిలో చెప్పుకుని నవ్వుకుంటాం’ అనేవాళ్లు. రెండో వేవ్ తర్వాత ఆ ఇద్దరిలో నేను పెద్ద మార్పు చూడలేదు.

ఇంకొకటి చెబుతాను. ఒక ఆశాకు పాజిటివ్ వచ్చి తగ్గింది. తగ్గి నెల దాటినా వీధిలో ఎవరూ ఆమెతో మాట్లాడట్లేదు, ఆమె కూతురితో పిల్లలను ఆడనివ్వట్లేదు. మా మెడికల్ ఆఫీసరు వయసులో చాలా చిన్నవాడు, పీజీ సీటు కోసం చదువుకుంటున్న కుర్రాడు. ఆ సంగతి విని ఒక సాయంత్రం జీపు ఆ వీధి మొదట్లో ఆపించి, నడిచి వాళ్లింటికి వెళ్లాడు. అరుగు మీద కూర్చుని, ‘అక్కా, టీ పెట్టు’ అన్నాడు. అందరూ చూస్తుండగా ఆ గ్లాసుతోనే తాగాడు. అరగంట కూర్చుని ఆమె ఏయే ఇళ్లకు వెళ్లిందో, ఎంతమందిని ఆస్పత్రికి చేర్చిందో గట్టిగా అందరికీ వినపడేలా అడిగాడు. మర్నాడు ఎదురింటి ఆమె కూరగిన్నె పట్టుకుని వచ్చిందట. వివక్ష చూపించవద్దని మేం ఆ వీధిలో అప్పటికే మూడుసార్లు మైకులో చెప్పించాం. మైకు వల్ల కానిది ఆ టీ వల్ల అయింది. ఆ డాక్టరుకు ఇది ఎవరూ నేర్పలేదు. ఆయన మంచితనం కొద్దీ చేశాడు. అలాంటి డాక్టరు లేని పీహెచ్‌సీల్లో ఆశాల గతి ఏమిటి? అందుకే ఇది మంచితనానికి వదిలెయ్యకుండా పద్ధతిగా మార్చమని అడుగుతున్నాను.

ఇక డబ్బు. మనసు గురించి రాస్తూ డబ్బు ఎందుకు తెచ్చానని అనుకోవద్దు. ఆంధ్రలో ఆశా గౌరవ వేతనం 2019లో పది వేలు అయ్యింది. దానికి ముందు, తర్వాత కూడా నేను వాళ్లను చూశాను. ఆ పెంపు వాళ్ల మొహాల్లో తెచ్చిన తేడా నాకు తెలుసు. కానీ అది ఒక నెల ఆగితే, భర్త లేక ఒంటిచేత్తో ఇల్లు నడుపుతున్న మనిషికి కిరాణా కొట్టులో తల దించుకోవడం మొదలవుతుంది. జబ్బు భయం తట్టుకుంది గానీ ఆ తల దించుకోవడం తట్టుకోలేక ఏడ్చిన వాళ్లను చూశాను. ఆశాల్లాంటి స్కీమ్ వర్కర్లను, అంటే ప్రభుత్వ పథకాల్లో పనిచేసేవాళ్లను, కార్మికులుగా గుర్తించాలని 45వ భారత కార్మిక సదస్సు 2013లోనే సిఫారసు చేసింది. ఇంకా స్వచ్ఛంద కార్యకర్త అనే పిలుస్తున్నాం. ఆ మాట మార్చే అధికారం మీ ఒక్కరి చేతుల్లో లేదని తెలుసు. నెల మొదటి వారంలో డబ్బు పడేలా చూడటం మాత్రం మీ చేతుల్లో ఉంది.

నేను ముఖ్యంగా అడిగేది ఇది. ప్రతి పీహెచ్‌సీలో నెలకోసారి ఆశా డే జరుగుతుంది. ఆ రోజు వాళ్లంతా ఒకచోట చేరతారు. నేను నడిపిన ఆశా డేల్లో ఏం జరిగేదంటే, రిజిస్టర్లు, ఎంట్రీలు, ఎవరి లెక్క తప్పింది, ఎవరిది పెండింగు. అంతే, ఇళ్లకు పోయేవాళ్లు. ఆ రోజులో ఒక గంట రిజిస్టర్లు మూసేయించండి. ఆ గంట వాళ్లు మాట్లాడుకోవాలి. ఈ నెలలో ఏ ఇంట్లో ఏం జరిగింది, ఏది చూసి తట్టుకోలేకపోయారు, ఎక్కడ ఏం చెయ్యాలో తెలియలేదు. ఆ గంటలో చెప్పింది ఏ రిపోర్టులోకీ ఎక్కకూడదు, ఏ మీటింగులోనూ తిరిగి రాకూడదు. అక్కడ కూర్చునే సూపర్వైజరు ముందు వినడం నేర్చుకుని రావాలి. ఆపదలో ఉన్న మనిషికి మానసికంగా మొదటి సాయం ఎలా చెయ్యాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చిన్న పుస్తకం వేసింది. అందులో చెప్పింది మూడు పనులే. చూడు, విను, సాయం దొరికే చోటికి చేర్చు. ఎంబీబీఎస్ అక్కర్లేదు దానికి. నాకు ఎవరైనా దాన్ని 2020కి ముందు నేర్పి ఉంటే ఆ రాత్రి ఫోన్ పెట్టేసేదాన్ని కాదు. రిపోర్టు తెల్లారి పంపేదాన్ని.

కొంతమందికి ఆ గంట చాలదు, డాక్టరు అవసరం పడుతుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది, దాని బృందాలు ఉన్నాయి. వాళ్లు మూడు నెలలకోసారి ఆశా డేకి వచ్చేలా చూడండి. 2022 అక్టోబరు 10 నుంచి టెలీ మానస్ అని, మనసు బాగోలేనివాళ్లకు ఫోన్లోనే సాయం చేసే ప్రభుత్వ సేవ నడుస్తోంది. 14416కి ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఆ నంబరు ఉన్న పోస్టర్లను మా ఆశాలే ఊళ్లలో అంటిస్తారు. అది తమకు కూడా అని వాళ్లలో ఎంతమంది అనుకుంటారు? నిద్ర పట్టడం లేదా, దిగులుగా ఉందా అని ఊళ్లో వాళ్లను అడిగి గుర్తించడం వాళ్లకు నేర్పించాం. అదే ప్రశ్న వాళ్లను అడిగే మనిషిని మాత్రం పెట్టలేదు.

మిగతావి చిన్నవి. మళ్లీ ఇలాంటి సర్వే వస్తే జంటగా పంపండి, ఒంటరిగా కాదు. తన పరిధిలో చావు జరిగితే ఆ ఇంటికి మొదటిసారి వెళ్లేటప్పుడు పీహెచ్‌సీ నుంచి ఒకరు తోడు వెళ్లాలి. ఆ తర్వాత రెండు రోజులు ఆమెకు సెలవు ఇవ్వాలి, డబ్బు కోత లేకుండా. ఆమె ఇంట్లో ఎవరికైనా జబ్బు వస్తే బెడ్ కోసం ఆమె కూడా అందరిలా ఫోన్లు చేసుకోవాల్సిన గతి పట్టకూడదు. ఊరందరి కోసం పరిగెత్తి, సొంత అత్తగారి కోసం బెడ్ దొరక్క అంబులెన్సులో తిరిగిన ఆశా మా దగ్గర ఉంది.

ఇప్పుడు మహమ్మారి లేదు కదా, ఇవన్నీ ఎందుకు అనిపించొచ్చు. లేదు కాబట్టే ఇప్పుడు చెయ్యాలి. డెంగీ వచ్చినా, వరదలు వచ్చినా మనం ముందు పంపేది వీళ్లనే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు మునిగినప్పుడు, ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చినప్పుడు, నీళ్లు తగ్గిన వీధుల్లో జ్వరాల లెక్క తీసే పని మళ్లీ వీళ్ల మీదే పడింది. కరోనాలో పడిన దెబ్బ ఆరకముందే మళ్లీ పంపుతున్నాం.

ఇది రాసేముందు ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. నీ సంగతి రాస్తాను, పేరు రాయను, సరేనా అని అడిగాను. రాయండి మేడం అంది. ఇంకేమన్నా చెప్పమంటావా వాళ్లకు అన్నాను. కాసేపు ఆలోచించి, ‘అర్ధరాత్రి చేసినా ఎత్తే నంబరు ఒకటి ఇప్పించమనండి. మాకే, మా మనిషిదే అయ్యుండాలి. మా ఊరి పేరు చెబితే తెలియాలి’ అంది. ప్రతి మండలానికి అలాంటి మనిషిని ఒకరిని పెట్టగలరా? రిటైరైన ఏఎన్ఎంలు, సూపర్వైజర్లు చాలామంది ఖాళీగా ఇళ్ల దగ్గర ఉన్నారు. మీరు పిలిస్తే, శిక్షణ ఇస్తే, మా మండలానికి ఆ ఫోన్ ఎత్తడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
రిటైరైన ఒక హెల్త్ సూపర్వైజర్